కంట్రోల్ రూమ్‌లో ఒక్క ఖాళీ

మైకు నా చేతికిచ్చింది నా మీద గౌరవంతో కాదు. మా సంఘంలో ఆడమనిషిని నేనొక్కదాన్నే కాబట్టి, ఆడగొంతుతో ఆహ్వానం పలికితే సభకు నిండుగా ఉంటుందట. మా అధ్యక్షుడుగారే ఆ మాటన్నారు. ఎస్సైగా ఉన్న రోజుల్లో దొంగల్నీ, తాగుబోతుల్నీ, వాళ్ళ తరఫున మాట్లాడ్డానికొచ్చే పెద్దమనుషుల్నీ కసిరి కూర్చోబెట్టిన గొంతు ఇది. దీంతో ఇప్పుడు "వేదికను అలంకరించవలసిందిగా కోరుతున్నాం" అనాలి. ఖర్మ అనుకుని సరేనన్నాను.

సంఘం అంటే ఏదో పెద్దది ఊహించుకోకండి. మన దగ్గర పోలీసు ఉద్యోగం చేసి, ఏదో ఒక కారణంతో వదిలేసి, ఖతర్ వచ్చి పడ్డవాళ్ళమంతా కలిస్తే ఒక చిన్న హాలు నిండుతుంది. ఒకరిద్దరు తప్ప అందరూ సెక్యూరిటీ కంపెనీల్లోనే ఉన్నారు. నేను మాత్రం పెళ్ళయ్యాక రాజీనామా ఇచ్చి, మా ఆయన ఉద్యోగం వెంట వచ్చి, అల్ వుకైర్‌లో కాపురం పెట్టి, ఒక బడిలో పిల్లల చేత వ్యాయామం చేయిస్తున్నాను. హాలు వాళ్ళతో స్నేహితుల విందు అని చెప్పాం. ఈ దేశంలో మాలాంటివాళ్ళం సంఘమనీ, మహాసభ అనీ గోడకి గుడ్డ కట్టుకోలేం. మాలో మేం మాత్రం వార్షిక మహాసభ అనే అనుకుంటాం. అధ్యక్షుడు, కార్యదర్శి, కార్యవర్గం, తీర్మానాలు అన్నీ ఉన్నాయి. ఇన్నేళ్ళలో ఒక్క తీర్మానం వల్ల ఒక్కరికి ఒరిగింది మాత్రం నాకు గుర్తులేదు.

ఈసారి నిజంగా ఒక పని పడింది. నేను మైకు పట్టుకోవడానికి ఒప్పుకుంది అందుకే.

మా ఇంటి నుంచి బడికి వెళ్ళే దారిలో ఒక పెద్ద కట్టడం లేస్తోంది. దాని ఇనప గేటు దగ్గర నిలబడే గార్డు జగిత్యాల వైపు మనిషి. నలభై దాటినవాడు. ఊళ్ళో హోంగార్డుగా చేసి వచ్చాడు. పోలీసు శాఖలో హోంగార్డంటే అట్టడుగు మెట్టు. కానిస్టేబుల్ చెప్పింది కూడా చేయాలి, తన మాట వినేవాడు మాత్రం ఒక్కడూ ఉండడు. ఒకరోజు దారి మూసేస్తే కారాపి అడిగాను. నేను తెలుగుదాన్ననీ, పైగా ఒకప్పటి ఎస్సైననీ తెలిసేసరికి బూటు నేలకేసి కొట్టి సెల్యూట్ చేశాడు. దుమ్ములేచి నా కళ్ళలో పడింది. అప్పట్నుంచీ అటు వెళ్ళినప్పుడల్లా ఒక మజ్జిగ సీసా ఇస్తుండేదాన్ని.

ఎండలు ముదిరాక ఒక మధ్యాహ్నం ఆ గేటు దగ్గరే పడిపోయాడు. పెద్ద గొడుగు, ప్లాస్టిక్ కుర్చీ ఉన్నాయి కానీ లారీ వచ్చిన ప్రతిసారీ లేచి ఎండలోకి నడవాలి. రక్తపోటు ఉందనీ, ఇక ఎండలో నిలబడొద్దనీ, ఈసారి పడితే లేస్తావని చెప్పలేననీ క్లినిక్‌లో డాక్టరు గట్టిగానే చెప్పాడు. అదే సైటులో కంట్రోల్ రూమ్ ఉంది. ఏసీ గదిలో కూర్చుని కెమెరాలు చూసే పని. అక్కడ చేస్తున్న నేపాలీ అతను ఊరికి వెళ్ళిపోతున్నాడు. ఒక్క ఖాళీ. అది ఈయనకి దక్కితే బతుకుతాడు, అంతే సంగతి.

ఆ కంపెనీలో ఎవరు ఎక్కడ నిలబడాలో నిర్ణయించే మేనేజరు మా సంఘం సభ్యుడే. కరీంనగర్ జిల్లాలో కానిస్టేబుల్‌గా చేసి, మా అందరికంటే ముందు ఇక్కడికొచ్చి, గార్డుగా మొదలుపెట్టి, ఇంగ్లీషూ అరబ్బీ నేర్చుకుని ఆ కుర్చీ దాకా వచ్చాడు. మంచివాడే. ఫోన్ చేసి విషయం చెప్పాను.

"చేస్త మేడం. చెయ్యనని అంటలేను," అన్నాడు. "కాని ఒక్కణ్ణి తీసి లోపల కూసుండవెడితే, మనోడని చేసిండని మిగతోళ్ళు మొత్తుకుంటరు. సంఘంల వెట్టుండ్రి. సార్ నోట్లకెల్లి ఒక్క మాట రావాలె. సార్ చెప్పిండంటే ఇగ నాకు అడ్డమే లేదు."

సార్ అంటే మా అధ్యక్షుడుగారు. సీఐగా ఉండగా ముందే పదవీ విరమణ తీసుకుని, ఇక్కడున్న కూతురు దగ్గరికి వచ్చి, ఇంట్లో ఊరికే కూర్చోలేక సూపర్‌వైజరుగా చేరారు. ఎక్కడ చేరారనుకున్నారు? అదే కంపెనీలో. ఒకప్పుడు ఈ మేనేజరు ఆ సీఐగారి జీపు నడిపిన కానిస్టేబుల్. ఇప్పుడు సీఐగారు అతని కింద పనిచేస్తున్నారు. డ్యూటీ రోజుల్లో సీఐగారు కానిస్టేబుల్‌కి "గుడ్ మార్నింగ్ సర్" చెబుతారు, కానిస్టేబుల్ నేలచూపులు చూస్తూ తలూపుతాడు. శుక్రవారం సంఘంలో కలిస్తే కానిస్టేబుల్ లేచి నిలబడతాడు, సీఐగారు కూర్చోమనరు. ఇద్దరికీ ఇది అలవాటైపోయింది. చూసేవాళ్ళకే పిచ్చెక్కుతుంది.

అయినా నాకు ఆశ కలిగింది. పని చేయగలవాడు చేస్తానంటున్నాడు. చెప్పవలసినవాడు వేదిక మీదే ఉంటాడు. మధ్యలో మైకు నా చేతిలో ఉంటుంది. ఇంకేం కావాలి? సభలో మొదటి అంశంగా పెట్టాలని కార్యదర్శి వెంటపడి ఒప్పించాను. హోంగార్డుకి ఫోన్ చేసి, "నువ్వు వచ్చి నీ నోటితో నాలుగు ముక్కలు చెప్పుకో, చాలు," అన్నాను. ఆ రోజు మధ్యాహ్నం డ్యూటీ ఉందనీ, రెండున్నరకి హాలు వీధిలోనే ఆగే కంపెనీ బస్సు ఎక్కకపోతే గైర్హాజరు వేస్తారనీ అన్నాడు. ఆలోపే నీ పని అయిపోతుందని మాటిచ్చాను. నోరు జారడం అంటే ఇదే.

దోహాలోని ఉమ్ ఘువైలినాలో ఒక హోటలు మేడ మీద హాలు. పన్నెండింటికి ప్రారంభం. పన్నెండింటికి వేదిక మీద ఏం జరుగుతోందయ్యా అంటే, కుర్చీల పంచాయితీ. ఇద్దరు పెద్దమనుషులు, ఇద్దరూ ఎస్సైలుగా చేసినవాళ్ళే, అధ్యక్షుడి కుడిపక్క ఎవరు కూర్చోవాలని పట్టుపట్టారు. ఒకాయన బ్యాచ్ ముందట, ఇంకొకాయనకి ప్రమోషన్ ముందట. ఊళ్ళో వదిలేసి వచ్చిన ఉద్యోగాల సీనియారిటీ ఇక్కడ తేలాలి! ఒకాయన మాల్‌లో పార్కింగ్ చూస్తాడు, ఇంకొకాయన గోడౌన్‌కి కాపలా. ఇద్దరి మధ్యా నిలబడి, "సార్, ఇద్దరూ కుడిపక్కే కూర్చోండి, ఎడమపక్క ఖాళీగా ఉంచుదాం," అన్నాను. కోపం తెచ్చుకున్నారు. చివరికి నిజంగానే అలా కూర్చున్నారు.

ఆ పంచాయితీ తీరాక ముఖ్య అతిథి రాలేదు. ఆయనొక డాక్టరు, తెలుగువాళ్ళ సభలన్నిటికీ ఆయనే ముఖ్య అతిథి. "మొదలుపెడదాం సార్, ఆయన వచ్చినప్పుడు వస్తారు," అని అధ్యక్షుడుగారి చెవిలో చెప్పాను.

"ముఖ్య అతిథి లేకుండ పరేడ్ మొదలైతదా అమ్మా?" అన్నారు. "ఎవరిని అడిగి మొదలుపెడ్తం?"

అదీ వరస. పరేడ్ నడిపేవాడు ముఖ్య అతిథి ముందుకెళ్ళి సెల్యూట్ చేసి, ప్రారంభించడానికి అనుమతి అడగాలి. అనుమతి ఇచ్చేవాడు లేడు కనుక అడిగేవాడు అడగలేడు. హాలు నిండా ఉన్నవాళ్ళలో ఒక్కడికి కూడా ఇది తప్పనిపించలేదు. చేతులు కట్టుకుని ఎదురుచూశారు. జీవితమంతా రోడ్ల మీద మంత్రుల కోసం ఎదురుచూసినవాళ్ళు, వాళ్ళకిదొక లెక్కా? నాకు మాత్రం వెనక వరుసలో కూర్చున్న హోంగార్డు గోడ గడియారం వైపు చూడ్డమే కనిపిస్తోంది. ఉతికి ఇస్త్రీ చేసిన యూనిఫారంలోనే వచ్చాడు, ఇటునుంచి ఇటే డ్యూటీకి పోవాలి కదా.

మేనేజరు కూడా వచ్చాడు. సూటు వేసుకుని వచ్చి, తలుపు పక్కన గోడకి ఆనుకోకుండా, చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డాడు. ఆయన పేరు వేదిక మీదికి పిలవాల్సిన వాళ్ళలో ఉంది, నేనే పట్టుబట్టి పెట్టించాను. పిలిచాను. తల అడ్డంగా ఊపాడు. మళ్ళీ పిలిచాను. కిందికి దిగి వెళ్ళి బతిమాలాను.

"సార్ కూసున్న స్టేజి మీద నేనెట్ల కూసుంట మేడం? తిడుతున్నరా నన్ను?" అన్నాడు. నిజంగా భయపడ్డాడు. అధ్యక్షుడుగారు ఇదంతా చూస్తూనే ఉన్నారు, రమ్మని చెయ్యి ఊపితే సరిపోయేది, ఊపలేదు. ఎడమపక్క కుర్చీ అలాగే ఖాళీగా ఉండిపోయింది.

ఒంటిగంట దాటాక డాక్టరుగారు వచ్చారు. ఇక జ్యోతి ప్రజ్వలన. హాలులో నిప్పు వెలిగించనివ్వరు, పొగ తగిలిందంటే పైకప్పు నుంచి నీళ్ళు కురుస్తాయి. కార్యదర్శి ఎక్కడినుంచో బ్యాటరీతో వెలిగే దీపపు సెమ్మె తెచ్చాడు. ఐదు వత్తుల స్థానంలో ఐదు బుడ్డి బల్బులు, ఒక్కొక్కదానికి ఒక్కొక్క మీట. దీపం కదా అని వేదిక మీద పెద్దలందరూ వంగి బూట్ల లేసులు విప్పడం మొదలుపెట్టారు. బ్యాటరీ దీపానికి బూట్లు విప్పుతారా అండీ! పోలీసు ముడులు, ఒక పట్టాన ఊడతాయా? డాక్టరుగారు మీట నొక్కితే బల్బు వెలగలేదు. అధ్యక్షుడుగారు నొక్కితే వెలిగింది గానీ డాక్టరుగారి కంటే ముందు ఆయనది వెలగకూడదని ఆర్పేశారు. పక్కనున్నాయన బ్యాటరీలు తీసి ప్యాంటుకి తుడిచి మళ్ళీ పెట్టాడు. ఆ తర్వాత ఐదూ ఒకేసారి వెలిగాయి, అందరూ చప్పట్లు కొట్టారు. అప్పుడు మళ్ళీ లేసులు కట్టుకున్నారు. నాకు పళ్ళు కొరుక్కోవడం తప్ప ఇంకేమీ మిగల్లేదు.

అధ్యక్షుడుగారి ప్రారంభోపన్యాసం. మామూలుగా మాట్లాడితే వరంగల్ యాస తీయగా ఉంటుంది, మైకు దొరికితే మాత్రం పుస్తకాల భాషే. పోలీసు అంటే త్యాగం అన్నారు. పోలీసుకి పోలీసే కుటుంబం అన్నారు. పరాయిదేశంలో ఉన్నా ఒకరికి ముల్లు గుచ్చుకుంటే ఇంకొకరికి కన్నీరు రావాలన్నారు. వింటున్న కొద్దీ నా కాలి బొటనవేలు చెప్పులో మెలి తిరిగిపోతోంది. రెండు దాటింది. నేను ఇక ఆగలేక ఒక కాగితం ముక్క మీద "మొదటి అంశం" అని రాసి ఆయన ముందు పెట్టాను. అది చూసి, మడిచి, జేబులో పెట్టుకుని ఇంకొంచెం మాట్లాడారు.

ఆయన ఊపిరి తీసుకోవడానికి ఆగిన క్షణంలో చప్పట్లు కొట్టేశాను. నేను కొట్టగానే అందరూ కొట్టారు, ఉపన్యాసం ముగిసింది. మైకు లాక్కుని హోంగార్డుని పిలిచాను.

ఆయన నడిచి వచ్చిన తీరు చూస్తే ఏడుపొచ్చింది. మలుపు దగ్గర మడమ మీద తిరిగి, వేదిక ముందు ఆగి, సెల్యూట్ కొట్టి, మైకు పట్టుకోకుండా నిటారుగా నిలబడే మాట్లాడాడు. మైకు నేనే ఆయన నోటి దగ్గర పట్టుకున్నాను.

"జైహింద్ సార్. ఎండల నిలవడ్తె కండ్లు బైర్లు కమ్ముతున్నయ్ సార్. మొన్న వడిపోయిన. ఎండల నిలవడొద్దని డాక్టర్ సాబ్ చెప్పిండు. కంట్రోల్ రూంల ఒక్క జాగ ఖాళైతుందట సార్. నన్ను అండ్ల ఎయ్యమని మనవి. నాకు ఇద్దరు చిన్న పిల్లలు సార్."

అంతే చెప్పాడు. ఇక ఒక్క మాట చాలు. "మేనేజర్ గారూ, ఈ పని చూడండి," అంటే చాలు. తలుపు దగ్గర మేనేజరు కాళ్ళు దగ్గరికి జరుపుకుని, ఆ మాట కోసమే సర్దుకుని నిలబడ్డాడు. నేను కళ్ళారా చూశాను.

అధ్యక్షుడుగారు మంచినీళ్ళు తాగారు. గొంతు సవరించుకున్నారు. "సభ్యుడి సమస్యను సంఘం సానుభూతితో పరిగణిస్తుంది. కార్యవర్గం పరిశీలించి తగు నిర్ణయం తీసుకుంటుంది," అన్నారు.

"సార్, మేనేజర్ గారు ఇక్కడే ఉన్నారు," అన్నాను మైకులోనే. "మీరొక్క మాట చెప్పండి సార్, ఇప్పుడే అయిపోతుంది."

"వేదిక మీద అట్లాంటివి బాగుండవమ్మా," అన్నారు ఆయన, మైకుకి దూరంగా, మెల్లగా. ఆ వెంటనే కార్యదర్శి వైపు చూశారు. కార్యదర్శి శాలువా తెచ్చాడు. అనారోగ్యాన్ని లెక్కచేయకుండా విధి నిర్వహిస్తున్నందుకు సన్మానమట! ఇల్లు కాలి ఒకడేడుస్తుంటే చుట్టకి నిప్పడిగాడట వెనకటికొకడు. ఎండదెబ్బ తగిలిన మనిషికి, మే నెలలో, దోహాలో, ఉన్ని శాలువా కప్పారు. ముఖ్య అతిథిగారు స్వయంగా డాక్టరు, ఆయనే కప్పారు. ఫొటో తీశారు. ఆ ఫొటోలో నేను కూడా ఉన్నాను, నా మొహం చూస్తే ఎవరినో కొట్టబోతున్నట్టుంటుంది.

కింద బస్సు హారన్ వినిపించింది. డ్రైవరు ఫోన్‌లో "యల్లా, యల్లా" అని తొందరపెడుతూ అరుస్తున్నాడు. హోంగార్డు శాలువా మడత పెట్టి చంకలో పెట్టుకుని, భోజనం చేయకుండా మెట్లు దిగి వెళ్ళిపోయాడు.

బిర్యానీ దగ్గర ముందు మేనేజర్ని పట్టుకున్నాను. "ఏమైందండీ మీకు? నోట్లో ఏముంది? ఆ మనిషి మీ ముందే చెప్పుకున్నాడు కదా?"

"సార్ చెప్పలే గద మేడం." ఆయన గొంతులో నిజంగానే బాధ ఉంది. "సార్ ఉండంగ, సార్ అనక ముందు నేను నోరు తెరిస్తె, సార్ మాట దాటినట్టు గాదా? ఇయ్యాల సార్ ఒక్క మాటంటే రేపే ఏస్తుంటి."

అధ్యక్షుడుగారి దగ్గరికి పోయాను. ఆయన ఒక మూల ఒంటరిగా కూర్చుని ఉన్నారు. నా మొహం చూసి ముందే చెయ్యి అడ్డం పెట్టారు.

"కోపం చెయ్యకమ్మా. నాకు తెలుసు. వాడు ఎదురు సూసిండని కూడ తెలుసు. కాని ఇయ్యాల వానికి ఆర్డరేసి, ఎల్లుండి పొద్దుగాల వాని ముంగట నిలవడి గుడ్ మార్నింగ్ సర్ అనాల్నా? ఏ మొకంతోని అంట?"

"ఆజ్ఞాపించొద్దు సార్, అడగండి. మామూలుగా మనిషి మనిషిని అడిగినట్టు."

"వాణ్ణి నేను అడుగుడా?" అన్నారు.

ఎద్దు పుండు కాకికి నొప్పా? ఒకడికి మర్యాద అడ్డం, ఇంకొకడికి పరువు అడ్డం, ఆ రెంటి కిందా నలిగి ఒక మనిషి ఎండలో నిలబడాలి. వీళ్ళిద్దర్నీ ఒక లాకప్పులో వేసి తాళం పెట్టి, మాట్లాడుకునేదాకా అన్నం పెట్టకూడదనిపించింది. ఆ మాట పైకే అనేశాను కూడా. అధ్యక్షుడుగారు నవ్వారు. నవ్వుతూ జేబురుమాలుతో మెడ తుడుచుకున్నారు. ఆయన మెడ కాలర్ దాకా కమిలిపోయి ఉంది. సూపర్‌వైజరంటే నీడలో కూర్చునే పని కాదు, రోజంతా గేటు నుంచి గేటుకి తిరగాలి. అప్పుడే మేనేజరు ఒక ప్లేటు నిండా బిర్యానీ వడ్డించుకొచ్చి, రెండు చేతులతో ఆయనకిచ్చాడు. ఆయన తింటున్నంతసేపూ పక్కనే నిలబడ్డాడు. ఆయన మెడ వైపే చూస్తున్నాడు. నేను కారు తాళాలు తీసుకుని ఇంటికొచ్చేశాను.

మా ఆయన మీద అరిచాను, గిన్నెల మీద అరిచాను. మర్నాడు మేనేజరుకి ఫోన్ చేస్తే, "నా మనసుల ఉంది మేడం, చూస్తున్న," అన్నాడు. ఆ గొంతు విని, పోన్లే, మెత్తబడ్డాడు, ఏదో ఒకటి చేస్తాడు అనుకున్నాను. దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడంటారు, ఇక్కడ పూజారి కూడా కరుగుతున్నాడనుకున్నాను.

ఆ వారం బడిలో ఆటల పోటీలు, వేరే దారిన వెళ్ళాల్సి వచ్చింది. తర్వాతి వారం ఆ గేటు మీదుగా వెళ్తూ చూశాను. గొడుగు కింద ఆయనే ఉన్నాడు. నా కారు చూసి లేచి పరుగులాంటి నడకతో వచ్చాడు. అద్దం దించాను, వేడిగాలి మొహానికి కొట్టింది. ఆయన మొహం మాత్రం వెలిగిపోతోంది.

"మేడం, మీరు గట్టిగ అడిగిండ్రు గద, పనైంది!"

"అయిందా? మరి ఇంకా ఇక్కడేం చేస్తున్నావ్?"

"సార్‌ను లోపలికి తీసుకున్నరు మేడం. సీఐ సార్‌ను. కంట్రోల్ రూంల. మేనేజర్ సార్ స్వయంగ వచ్చి కూసుండవెట్టిండు. సార్ ఈ వయసుల ఎండకు తిరుగుడు నేను సూడలేనని అన్నడట. పాపం సార్ ముందు వద్దన్నడట, మేనేజర్ సార్ కాళ్ళు వట్టుకున్నంత పని జేసిండట."

వెనక లారీ ఒకటి వచ్చి ఆగింది.

"మరి నువ్వో?" అన్నాను.

నేనేదో తెలివితక్కువ ప్రశ్న వేసినట్టు నన్ను చూసి నవ్వాడు. లారీకి గేటు తీయడానికి అప్పటికే ఎండలోకి నడుస్తున్నాడు.

"నేను హోంగార్డును గద మేడం," అన్నాడు.